స్టుట్‌గార్ట్‌లో నేర్చుకున్న పాఠం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకొనే ఈ రోజున, విదేశంలో నా అనుభవాలు నాలుగు మాటల్లో చెప్పమని కార్యదర్శిగారు కోరారు. గొప్పలు చెప్పుకోవడానికి నేను రాలేదు. 32 ఏళ్ళు రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసిన నేను, టిక్కెట్టు దగ్గరే దొరికిపోయిన సంగతి చెప్పడానికి వచ్చాను.

2016లో మా అబ్బాయి దగ్గర మూడు నెలలు ఉందామని నేనూ, మా ఆవిడా జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్ళాం. వెళ్ళిన మొదటి ఆదివారమే చిక్కు వచ్చింది. మా ఆవిడ చిన్న ఇత్తడి రోట్లో వెల్లుల్లి కారం దంచుతుంటే, కింది అంతస్తు ముసలావిడ వచ్చి తలుపు తట్టింది. గోడ మీది కేలండరులో ఆదివారం చూపించి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. అక్కడ ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. చప్పుడయ్యే పనులేవీ పెట్టుకోరు. ఖాళీ సీసాలు రంగులవారీగా వీధిలోని పెట్టెల్లో వేస్తారు గదా, గలగలమంటాయని ఆ పని కూడా ఆ రోజు చేయకూడదు.

"మన వంటింట్లో మనం దంచుకోవడానికి కూడా లేదా?" అని మా ఆవిడ చిన్నబుచ్చుకుంది. నాకూ కష్టంగానే తోచింది.

ఆ ప్రాంతంలో తరతరాలుగా వస్తున్న ఆచారం ఒకటుంది. మెట్లు, ఇంటి ముందు కాలిబాట ఆ భవనంలో కాపురమున్నవారే వారానికొకరు వంతులవారీగా శుభ్రం చేసుకోవాలి. ఆ వారం వంతు ఎవరిదో వారి తలుపుకు ఒక చిన్న పలక వేలాడుతుంది. మా వంతు వచ్చింది. "ఆఫీసు నుంచి వచ్చి నేను చేస్తానమ్మా" అన్నాడు అబ్బాయి. "వాకిలి ఊడ్వడం నాకొకరు నేర్పాలా!" అంటూ మా ఆవిడ కొంగు దోపి మెట్లన్నీ అద్దంలా చేసింది. సాయంత్రం కింది ముసలావిడ ఆపిల్ కేకు పట్టుకొచ్చింది. భాష లేకుండానే ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఇక నా సంగతి. అక్కడి లోకల్ రైలు స్టేషన్లలో గేట్లు లేవు, గేటు దగ్గర మనిషీ లేడు. ఎవరి టిక్కెట్టు వారే కొనుక్కొని, కొన్ని రకాల టిక్కెట్లకు మిషనులో ముద్ర కూడా తామే వేసుకొని ఎక్కాలి. 'ఇలాగైతే రైల్వే బాగుపడినట్టే' అని నవ్వుకున్నాను.

ఒకరోజు ఒంటరిగా బయలుదేరాను. టిక్కెట్టు జేబులో ఉంది, ముద్ర వేయడం మరచిపోయాను. మామూలు దుస్తుల్లో ఉన్న ఒకాయన గుర్తింపు కార్డు చూపించి టిక్కెట్టు అడిగాడు. జరిమానా 60 యూరోలు. ఆనాటి లెక్కలో సుమారు నాలుగున్నర వేల రూపాయలు! నేనూ రైల్వేవాడినేనని చెబుదామంటే నోరు పెగల్లేదు.

ఆయన రూలు సడలించలేదు. గొంతూ పెంచలేదు. నా పక్కన కూర్చొని మెల్లగా చీటీ రాసిచ్చి, ముద్ర ఎక్కడ పడాలో వేలు పెట్టి చూపించి వెళ్ళాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కాదు. నా సర్వీసు తొలిరోజుల్లో ఒక పెద్దాయన పాసెంజరు టిక్కెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. "తెలియదు బాబూ" అంటున్నా వినకుండా, పెట్టెలో అందరూ చూస్తుండగా కేకలు వేశాను. ఆయన వణికే చేతులతో మూట విప్పి చిల్లర లెక్కపెట్టాడు. నేను వసూలు చేసింది రూలు ప్రకారమే. రసీదు కూడా ఇచ్చాను. కాని ఆ మనిషి పరువు తీసే అధికారం నాకు ఏ రూలూ ఇవ్వలేదు. ఇన్నేళ్ళకు పరాయి దేశంలో ఆయన ముఖం కళ్ళ ముందు నిలిచింది.

అక్కడ అంతా స్వర్గమని నేననను. ముందుగా కబురు చేయకుండా ఎవరూ ఎవరింటికీ రారు. ఆ మూడు నెలల్లో చెప్పకుండా మా తలుపు తట్టింది ఆ ముసలావిడ ఒక్కతే. సాయంత్రం అరుగు మీద కబుర్ల కోసం ప్రాణం కొట్టుకుపోయేది. అయితే క్రమశిక్షణ అంటే గద్దించడం కాదని మాత్రం అక్కడే తెలిసింది.

నవంబరు వస్తే మన సంఘం ఆఫీసులో లైఫ్ సర్టిఫికెట్టు పనికి నేనూ కూర్చుంటున్నాను. ఫారం తప్పుగా నింపిన వారి మీద నేను ఎప్పుడైనా విసుక్కుంటే, మొహమాటపడకుండా 'స్టుట్‌గార్ట్' అని ఒక్క మాట అనండి. చాలు.