తలుపులేని తోరణం

(దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన దాతల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



ఈ సభామందిరపు గోడను అలంకరించిన వర్ణచిత్రాన్ని ఒక్కసారి తిలకించండి. అది ఓరుగల్లు కోటలోని కాకతీయ శిలాతోరణం. 2014లో తెలంగాణ అవతరించినప్పుడు రాజముద్రలో స్థానం పొందినది ఈ తోరణమే.

చిత్రకారుడు స్తంభాలను, వాటిపై దూలాన్ని, దూలంపై హంసలను శ్రద్ధతో రచించాడు. తోరణం నడుమ మాత్రం వట్టి ఆకాశమే కనిపిస్తుంది. ఆలయం ఏదీ? అది చిత్రకారుని లోపం కాదు. అక్కడి స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలుండేవి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది, ఆలయం నేలమట్టమైంది. తోరణాలు నాలుగూ నేటికీ నిలిచి ఉన్నాయి. చూడవచ్చేవారు ఉన్నారు, లోపలికి వెళ్లి చేతులు జోడించడానికి గర్భాలయం లేదు.

ఇక మన ఎల్‌.బి.నగర్ చెంతనున్న కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి సన్నిధిని స్మరించండి. అదీ కాకతీయుల నాటిదేనని స్థలపురాణం. వేటకు వచ్చి అలసి చెట్టునీడన విశ్రమించిన ప్రోలరాజుకు పులిగర్జన, ఆ వెంటనే రామనామం వినిపించాయట. వెదకగా స్వామి విగ్రహం దర్శనమిచ్చిందట. ఓరుగల్లు తోరణాలంతటి శిల్పవైభవం అక్కడ లేదు. అయినా ప్రతి మంగళవారం, శనివారం జనం బారులు తీరుతారు. తరతరాల వారు దీపంలో నూనె పోస్తూ వచ్చారు గనుకనే ఆ సన్నిధి సజీవంగా ఉంది.

2018లో ఇక్కడికి మెట్రోరైలు వచ్చింది. మన కళ్లెదుటనే ఈ వీధుల రూపం మారిపోయింది. కాలం మన కట్టడాలనూ విడువదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన ఆలయానికి నూతన శిలాద్వారం నిర్మించి, దాతల నామధేయాలు చెక్కించాలన్న సంకల్పం మీ ముందున్నది. మా తండ్రిగారి పేరు చెక్కించాలని మొదట కోరినవారిలో నేనూ ఒకడను. ఈ చిత్రం చూచిన తరువాత నా మనస్సు మారింది. నిత్యదీపానికి, అన్నప్రసాదానికి, పాకశాలలో శ్రమించేవారి, ప్రాంగణం ఊడ్చేవారి జీతభత్యాలకు శాశ్వతనిధి సమకూరిన పిమ్మటనే ద్వారం సంగతి చూద్దాము. నూతన నిర్మాణం కంటె ఉన్నదానిని కాపాడుకొనుట మిన్న అని పెద్దలు చెప్పనే చెప్పారు.

రాయి తనంతట తాను నిలుస్తుంది. పూజ మాత్రం మనుషులు నిలిపితేనే నిలుస్తుంది. మన తరువాతి తరానికి ద్వారంతోపాటు, దాని లోపల వెలిగే దీపాన్ని కూడా అప్పగించుదాము.

స్వస్తి.