ఉంగరమా, వాచీనా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఇంజనీరువి కదా, నాలుగు సాంకేతిక విషయాలు చెప్పమని కమిటీవారు అడిగారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య తరచుగా వస్తున్న ప్రశ్ననే ఎంచుకున్నాను. యాభై దాటిన మనకి ఆరోగ్యం కనిపెట్టి చూసుకోమని పిల్లలు ఏదో ఒకటి కొనిస్తామంటున్నారు. స్మార్ట్ ఉంగరం తీసుకోవాలా, స్మార్ట్ వాచీయా?

ముందు ఒక పాత సంగతి. ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు కిటికీలన్నీ మూయించి, టార్చిలైటు వెలిగించి, నా చూపుడువేలు దాని అద్దానికి ఆనించమన్నారు. వేలు చింతనిప్పులా ఎర్రగా వెలిగింది. క్లాసంతా కేకలు. "దయ్యం కాదురా, నీ రక్తమే" అన్నారాయన.

ఇవాళ ఉంగరంలోనూ వాచీలోనూ ఉన్నది ఆ టార్చిలైటే. చిన్న ఎల్‌ఈడీ చర్మం మీదికి వెలుగు పంపుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడ రక్తం పెరిగి, ఎక్కువ వెలుగును పీల్చుకుంటుంది. తిరిగొచ్చే వెలుగులోని హెచ్చుతగ్గులను లెక్కగట్టి పరికరం నాడి చెబుతుంది. ఎరుపు, పరారుణ కాంతులను పోల్చి ఆక్సిజన్ శాతం అంచనా వేస్తుంది. ఈ రెండో సూత్రాన్ని జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి 1974లో బయటపెట్టారు. కోవిడ్ రోజుల్లో మనం వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరుకు మూలం అదే. మన బడికీ ఆ సూత్రానికీ ఇంచుమించు ఒకే వయసు!

సూత్రం ఒకటే అయినా వాడకంలో తేడా ఉంది. వేలిలో సన్నని రక్తనాళాలు దట్టంగా ఉంటాయి కాబట్టి ఉంగరానికి నాడి బాగా అందుతుంది. బరువు కొద్ది గ్రాములే. ఒకసారి చార్జి చేస్తే నాలుగైదు రోజులు, కొన్నయితే వారం వస్తాయి. పెట్టుకున్న సంగతే మరిచి నిద్రపోతాం. అందుకే నిద్ర, రాత్రిపూట నాడి, చర్మపు ఉష్ణోగ్రతలో మార్పు తెలుసుకోవాలంటే ఉంగరం మేలు. ఫిన్లాండ్‌ వారి ఔరా, మన బెంగళూరు అల్ట్రాహ్యూమన్, 2024లో వచ్చిన శామ్‌సంగ్ ఉంగరం ఈ కోవలోవే. అయితే తెర ఉండదు, ఏది చూడాలన్నా ఫోను తీయాల్సిందే. కొన్నిటికి నెలనెలా చందా కట్టాలి. బ్యాటరీ అరిగిపోతే మార్చే వీలు లేదు. మరొకటి, ఫ్యాక్టరీలో చేరిన మొదటి రోజే నాకు చెప్పిన పాఠం: తిరిగే యంత్రం దగ్గర వేలికి ఉంగరం ఉండకూడదు. జిమ్ములో బరువులెత్తేటప్పుడూ అంతే.

వాచీకి తెర ఉంది. నడక, పరుగు అక్కడికక్కడే చూపిస్తుంది. కొన్ని వాచీలు ఈసీజీ తీస్తాయి, మనిషి పడిపోతే గుర్తించి ఫోను ద్వారా కబురు పంపుతాయి. పిల్లలు అమెరికాలో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఉంటున్న మన గురువులకు నేనైతే వాచీయే చెబుతాను. ఇబ్బందల్లా చార్జింగే. చాలావాటికి రోజూ, లేదా రెండు రోజులకోసారి పెట్టాలి. రాత్రి చార్జింగుకి పెడితే ఇక నిద్ర లెక్క ఉండదు.

సూది గుచ్చకుండా షుగరు చెబుతుందని ఎవరైనా అమ్మబోతే మాత్రం ఉంగరమైనా వాచీయైనా కొనకండి. అలాంటి దేనికీ అనుమతి ఇవ్వలేదని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

ఇక నా సొంత కథ. పోయిన ఏడాది ఒక తెల్లవారుజామున ఛాతీ మీద బరువు పెట్టినట్టయింది. ఒళ్ళంతా చెమటలు. చేతికున్న వాచీతో ఈసీజీ తీశాను. గుండె లయ మామూలుగా ఉందని చూపించింది. గ్యాసేలే అనుకుని మళ్ళీ పడుకోబోయాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "వాచీ సంగతి నాకు తెలీదు, మీ మొహం బాగాలేదు" అని 108కి ఫోన్ చేసింది. ఆస్పత్రిలో పన్నెండు లీడ్ల ఈసీజీ, రక్తపరీక్ష చేశారు. గుండె రక్తనాళం ఒకటి పూడుకుపోయింది. స్టెంటు వేశారు. ఇంకో గంట పడుకుని ఉంటే ఇవాళ మీ ముందు నిలబడేవాణ్ణో లేదో.

వాచీ అబద్ధం చెప్పలేదు. ఒక్క లీడుతో అది చూసేది గుండె లయ. గుండెపోటును పట్టలేనని దాని తెరమీదే రాసి ఉంది. ముప్పై ఏళ్ళు మీటర్లు చదివి జీతం తీసుకున్న నేను ఆ ఒక్క వాక్యం చదవలేదు.

ప్రాక్టికల్ రికార్డులో రీడింగు రాయబోతే మా మాస్టారు చెయ్యి ఆపేవారు. "ముందు ఆ పరికరం ఏం కొలుస్తుందో రాయి" అనేవారు. ఆ మాట నాకు నలభై ఏళ్ళ తర్వాత ఆస్పత్రి మంచం మీద అర్థమైంది మాస్టారూ.

నిద్ర కోసమైతే ఉంగరం, నడకకీ ఈసీజీకీ వాచీ కొనుక్కోండి. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే మాత్రం రెండిటినీ చూడకుండా 108కి ఫోన్ చేయండి. వజ్రోత్సవానికి మనమందరం ఇదే ఆవరణలో కలవాలి.