పాఠశాలలలో, పదుగురు కూడు చోట్లలో ఫ్లూ జ్వరమును అరికట్టుట

(పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వానలు వెనుకబట్టిన దినములలోను, మరల జనవరి మొదలు మార్చి వరకును మన దేశమున ఫ్లూ జ్వరము హెచ్చుగా కనబడును. దీనిని వట్టి పడిశమని తలపరాదు. ఉన్నట్టుండి జ్వరము, పొడిదగ్గు, గొంతునొప్పి, ఒడలి నొప్పులు వచ్చును. పెక్కుమందికి వారము దినములలో నయమగును. కాని వృద్ధులకు, గర్భిణీ స్త్రీలకు, పసిబిడ్డలకు, ఉబ్బసము, మధుమేహము, గుండెజబ్బు గలవారికి ఇది ప్రాణాపాయము తెచ్చును.

1918లో ఈ వ్యాధి బొంబాయి రేవున ప్రవేశించి, దేశమంతట వ్యాపించి, కోటికి పైగా జనులను పొట్టన బెట్టుకొన్నది. 1957 మే నెలలో సింగపూరు నుండి వచ్చిన ఓడతో మద్రాసు చేరినది. 2009 మే నెలలో క్రొత్తరకపు ఫ్లూ మన దేశమున మొట్టమొదట హైదరాబాదునకు వచ్చిన విమాన ప్రయాణికునియందు బయటపడినది. ఎంత దూరమునుండి వచ్చినను, ఊరిలో అది ప్రాకుట మాత్రము మనము గుమిగూడు గదులలోనే.

రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు, మాటలాడినపుడు వెలువడు తుంపరల వలన వ్యాధి అంటుకొనును. బల్లల మీద, తలుపు గడియల మీద వ్యాధి క్రిములు ఒకటి రెండు దినములు నిలిచియుండగలవు. జ్వరము బయటపడుటకు ఒక దినము ముందునుండియే రోగి ఇతరులకు అంటింపగలడు. తరువాత అయిదారు దినములు, పిల్లలలో మరికొన్ని దినములు ఈ ప్రమాదముండును.

కావున జ్వరము గల బిడ్డ ఇంటనుండుట అన్నిటికంటె ముఖ్యము. ఈ మాట మేము గ్రామములలో చెప్పినపుడు కొందరు తల్లులు, “కూలికి పోకున్న మాకు పూట గడవదు. ఇంట పిల్లవానిని కనిపెట్టువారెవరు? బడికి పోయిన మధ్యాహ్నము అన్నమైనను దొరకును” అనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. ఆ తల్లులను నిందించి ప్రయోజనము లేదు. బదులు చెప్పగలిగినవారు మీరే.

ప్రతి సభ్యుడును ఆశా కార్యకర్త ద్వారా తన వార్డులో జ్వరపడిన పిల్లల వివరములు తెలిసికొనవలెను. మహిళా సంఘములతో మాటలాడి, తల్లి కూలికి పోవలసిన ఇంట బిడ్డను చూచుటకు ఆరోగ్యముగల ఒకరిని నియమింపవచ్చును. వారు ముక్కునకు, నోటికి మాస్కు కట్టుకొని, గది కిటికీలు తెరచి ఉంచవలెను. బడికి రాని దినములకు బిడ్డను దండింపవలదని ప్రధానోపాధ్యాయుని కోరుడు. వీలున్నచోట మధ్యాహ్న భోజనము ఇంటికి చేర్పింపుడు. మందు వేయకుండనే జ్వరము విడిచి ఒక పూర్తి దినము గడచిన పిమ్మటనే బిడ్డను బడికి పంపవలెను.

ఇక గాలి, వెలుతురుల మాట. అనేక పాఠశాలలలో, అంగన్‌వాడీలలో కిటికీలకు పాత బీరువాలు అడ్డమై యుండును. కొన్నిటికి మేకులు కొట్టబడియుండును. వీనిని తెరిపించుటకు పెద్ద వ్యయము కాదు. గ్రామసభను చెట్టునీడన జరుపుడు. రేషను, పింఛనుల కొరకు జనులు ఒక్కసారి గుమిగూడకుండ వార్డుల వారీగా వేళలు నిర్ణయింపుడు.

బడి కుళాయి వద్ద సబ్బు ఎప్పుడును ఉండవలెను. పిల్లలు 20 సెకండ్లకు తక్కువ కాకుండ చేతులు కడుగుకొనవలెను. తుమ్ము, దగ్గు వచ్చినపుడు కండువానో, మోచేతి మడతనో అడ్డముంచుకొనుట నేర్పవలెను. బల్లలను, తలుపు గడియలను దినమునకొకసారి తుడిపింపవలెను.

యాంటీబయాటిక్ మాత్రలు ఫ్లూ క్రిమిని చంపలేవు. పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు. ఆయాసము, రొమ్మునొప్పి, మగత కనబడినచో, లేక బిడ్డ పాలు, నీరు త్రాగకున్నచో వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గొనిపోవలెను. ఫ్లూ మందును మొదటి రెండు దినములలో మొదలిడినచో గుణము హెచ్చు. ఏటేట వేయు టీకాను గురించి గర్భిణీ స్త్రీలు, వృద్ధులు వైద్యుని సలహా పొందవలెను.

సోదరులారా! రేపు ఉదయము ఒక్కమారు మీ ఊరి బడికి పోయి ఎన్ని కిటికీలు తెరచియున్నవో, కుళాయి వద్ద సబ్బు ఉన్నదో లేదో చూడుడు. పిదప జ్వరపడిన బిడ్డ ఇల్లేదో విచారించి ఆ గడప త్రొక్కుడు.

జై హింద్.