పాత కెమెరాయా, క్రొత్త కెమెరాయా?



నేను నల్లమల కొండల క్రిందనున్న అర్ధవీడు వాఁడను. ముప్పది రెండేండ్లు పాఠశాలలలోఁ దెలుఁగు బోధించి పదవీవిరమణము చేసితిని. అమరము, బాలవ్యాకరణము వల్లించినవాఁడు కెమెరాలను గూర్చి ప్రసంగింపఁబూనుట మీకు వింతగాఁ దోఁచవచ్చును. నాకును దొలుత వింతగనే తోఁచినది. కాని కార్యము వచ్చి మీఁదఁబడినప్పుడు తెలిసికొనక తప్పదు గదా!

మా ప్రాంతపు పెద్దలు కొందఱు చందాలు వేసికొని, ఇండ్లలో మిగిలియున్న తాటాకు గ్రంథములను, పాత దస్తావేజులను, గుడులయొద్ది శాసనములను ఛాయాచిత్రములుగాఁ దీయించి దాఁచవలెనని సంకల్పించిరి. "అయ్యవారూ, క్రొత్త కెమెరా కొందమా, మీయొద్దనున్నట్టి పాతదానితో సరిపెట్టుకొందమా?" అని నన్నడిగిరి. చేరిన ధనము చిన్నది; చేయవలసిన పని పెద్దది. తొందరపడి చెప్పరాదని, రెండింటిని చేతఁబట్టి పరీక్షించి చూచితిని. ఆ పరీక్షఫలమునే నేఁడు మీకు విన్నవించుచున్నాను.

ముందుగా నా తప్పు చెప్పుకొందును. మా తాతగారు వ్రాసికొన్న చెట్టుమందుల గ్రంథ మొకటి మా యింట నుండెడిది. 142 తాటాకులు, రెండు వైపుల వ్రాఁత గనుక 284 పుటలు. 2016వ సంవత్సరపు వేసవిలో, నా పెద్దకుమారుఁడు కొనియిచ్చిన కెమెరాతో ఆ పుటలన్నిటిని ఒక్క మధ్యాహ్నముననే తీసితిని. గదిలో వెలుఁగు లేదు. కెమెరాను నిలుపుటకు స్టాండు లేదు. నా చేయి వణఁకినది. కెమెరా వెనుకనున్న చిన్న తెఱపై నన్నియు చక్కగనే కనఁబడెను. పెద్దవిగాఁ జేసి చూచుకొనవలెనను బుద్ధి నాకుఁ బుట్టలేదు. కట్టను మరల అటకమీఁదఁ బెట్టితిని. 2020 వానలకు ఇల్లు కాఱి, పిమ్మటఁ జెదలు పట్టి, ఆ కట్ట మన్నైపోయెను. అప్పుడు చిత్రములను దెఱచి చూడఁగా 31 పుటలు మసకగా నుండి యొక్క యక్షరమైనఁ దెలియకున్నవి. ఒక పుట చివర "తేలుకాటునకు" అని యున్నది. మందు దినుసులు తరువాతి పుటలోనివి. ఆ పుట ముప్పదియొక్కటిలోఁ జేరినది. ఇది కెమెరా చేసిన తప్పు గాదు. నా తొందర చేసినది.

ఇఁక విషయమునకు వత్తును. పాతకాలపు పెద్ద కెమెరాలలో లెన్సునకు వెనుక నొక అద్దము ఏటవాలుగా నుండెడిది. వెలుఁగు దానిపైఁ బడి, పైకి మరలి, చూచువాని కంటిని చేరును. మీట నొక్కఁగనే అద్దము టక్కున పైకి లేచి, వెలుఁగునకు వెనుకకుఁ ద్రోవ యిచ్చును. ఈ యద్దమును దీసివైచి, వెలుఁగును దిన్నగా సెన్సారుమీఁదఁ బడనిచ్చి, సెన్సారు చూచినదానినే చిన్న తెఱమీఁద మనకుఁ జూపునట్టిది అద్దము లేని కెమెరా, మిర్రర్‌లెస్ అందురు. 2008లో జపానుదేశపు ప్యానసోనిక్ వారు జీ1 అను కెమెరాతో నీ త్రోవను సామాన్యజనులకుఁ దెఱచిరి. అద్దము పోవుటచేఁ బెట్టె చిన్నదయ్యెను, బరువు తగ్గెను.

సెన్సారు అనఁగా నేమి? మన మార్కాపురము పలక మీ కెఱుకయే. దానిపై వ్రాసి, చూపి, తుడిచి, మరల వ్రాసినవారమే మన మందఱము. సెన్సారు నట్టి పలకయే. వెలుఁగు తనమీఁద వ్రాసినదానిని కార్డున కప్పగించి, మఱుక్షణమునఁ దుడుచుకొని, క్రొత్తవ్రాఁతకు సిద్ధమగును. పలక యెంత మంచిదైనను, వ్రాఁత చక్కగా నుండుట వ్రాయు చేతిలో నున్నది గదా!

నాయొద్దనున్న పాతది సోనీవారి ఆల్ఫా 6000. అది 2014లో వెలువడినది. క్రొత్తది అదే వంశమునకుఁ జెందిన ఆల్ఫా 6700; 2023లో వెలువడినది. దీనిని నా కుమారుఁడు గడచిన సంక్రాంతికిఁ దెచ్చి యైదు దినములు నా కిచ్చెను. రెండింటి పలకలు ఇంచుమించు ఒకే కొలతవి. పాతదానిలో 2 కోట్ల 43 లక్షల చుక్కలు, క్రొత్తదానిలో 2 కోట్ల 60 లక్షల చుక్కలు. సెకనునకు 11 చిత్రములు రెండును దీయఁగలవు. ఒకదాని లెన్సు రెండవదానికిఁ బట్టును. 2010లో నీ వంశము మొదలైనప్పుడు పెట్టిన అమరికనే వా రింకను విడువలేదు. కావున పాతదానికిఁ గొన్న మంచి లెన్సు వ్యర్థము గాదు. ఈ మాట కొనువారు జ్ఞాపకముంచుకొనవలెను: కెమెరా మాఱును, లెన్సు నిలుచును.

మొదటి పరీక్ష కంభము చెఱువు కట్టమీఁదఁ జేసితిని. గుండ్లకమ్మ నీటిని కొండల నడుమ నడ్డగించి విజయనగరరాజుల కాలమునఁ గట్టిన యా చెఱువును మీలోఁ జూడనివా రుండరు. మిట్టమధ్యాహ్నపు టెండలో కొండలను, నీటిని రెండు కెమెరాలతోను ఒకే లెన్సు పెట్టి తీసితిని. కాగితముపై అచ్చు వేయించి, పేరు చెప్పక, రచ్చబండయొద్ద నైదుగురు పెద్దల చేతి కిచ్చితిని. ఏది పాతదో, ఏది క్రొత్తదో యొక్కరును జెప్పలేకపోయిరి. నేనును వెనుకఁ బెట్టిన గుర్తు చూచియే చెప్పఁగలిగితిని. మంచి వెలుఁగున, కదలని వస్తువునెడ, తొమ్మిదేండ్ల యంతరము కంటి కగపడదు.

రెండవ పరీక్ష ఆ కట్టమీఁదనే, నీటికాకులమీఁద. ఎగురు పక్షిని పట్టుట క్రొత్తదానికిఁ దెలిసినట్లు పాతదానికిఁ దెలియదు. గుఱి కుదుర్చుకొనుటకుఁ బాతదాని పలకమీఁద 179 స్థానములు కలవు, క్రొత్తదానిమీఁద 759. అదిగాక, పాతది మనుష్యుని ముఖమును గుర్తించును, మీట పట్టియుంచినచో కన్నును గుర్తించును; అంతవఱకే. క్రొత్తది మనుష్యునే గాక పక్షిని, మృగమును, పురుగునుగూడ గుర్తించి వెంబడించును. నేను పాతదానితోఁ బది చిత్రములు తీసిన మూఁడు నిలిచినవి. క్రొత్తదానితో నెనిమిది నిలిచినవి. నల్లమలలోఁ బక్షులను, జంతువులను దీయఁదలఁచిన యువకుఁ డెవఁడైన నన్నడిగిన, సందేహింపక క్రొత్తదే కొనుమందును.

మూఁడవ పరీక్ష చీఁకటిగదిలో. చెదలుపాలు గాక మిగిలిన వేఱొక తాటాకు కట్టను, నాఁడు తప్పు చేసిన యా గదిలోనే పఱచితిని. చేతఁబట్టి తీయఁగా పాతది నాఁటివలెనే మసక చిత్ర మిచ్చెను. క్రొత్తది స్పష్టమైన చిత్ర మిచ్చెను. దీనికి రెండు కారణములు గలవు. పాతదాని సెన్సారులో వెలుఁగు పట్టు గుంటలకు ముందు సన్నని తీఁగెలు అడ్డముగా నుండును. క్రొత్తదానిలో నా తీఁగెలను వెనుకకు మరలించిరి. వాకిటి కడ్డమున్న తడిక తీసినట్లు వెలుఁగు లోనికి నిండుగా వచ్చును. రెండవది, క్రొత్తదానిలో సెన్సారు కదలనేర్చినది. చేయి ప్రక్కకు వణఁకిన నదియుఁ దగినట్లు ప్రక్కకు జరగును. చేయి పైకిఁ గాని క్రిందికిఁ గాని కదలిన నదియుఁ దగినట్లు కదలును. ఈ యుపాయముచేత నైదు మెట్ల మేలు కలదని చేసినవారి లెక్క. మెట్టునకు రెట్టింపు చొప్పున రెండు, నాలుగు, ఎనిమిది, పదునాఱు, ముప్పదిరెండు. అనఁగా ముప్పదిరెండు రెట్లు ఎక్కువసేపు రెప్ప తెఱచియుంచినను చిత్రము చెదరదన్నమాట. ఏఁబది రూపాయలు వెచ్చించి కొన్న కఱ్ఱ ముసలివానికి నడక నిచ్చినట్లు, ఇది వణఁకు చేతికి స్థైర్య మిచ్చును. కాని వస్తువే కదలినప్పుడు ఈ యుపాయ మక్కఱకు రాదు. గాలికి రెపరెపలాడు నాకును, పరుగెత్తు పిల్లవానిని ఆఁపు శక్తి దానికి లేదు.

ఇంతవఱకుఁ జూచి నా మనసు క్రొత్తదానివంక మొగ్గినది. మఱునాఁడు కెమెరా నిలుపు మూఁడుకాళ్ల స్టాండు నొకటి యెరవు తెచ్చి, అదే గదిలో, అదే యాకును రెండింటితోఁ దీసితిని. రెండు వైపుల రెండు దీపములు పెట్టితిని. మీట వ్రేలితో నొక్కక, తనంత నొక్కుకొనునట్లు రెండు సెకనుల గడువు పెట్టితిని. ఆశ్చర్యము! రెండు చిత్రములును ఒక్కరీతిగనే యున్నవి. లెక్క వేసి చూడుఁడు. తాటాకు అడుగున్నర పొడవు, అనఁగా 18 అంగుళములు. పాతది దాని పొడవున 6000 చుక్కలు పఱచును, అంగుళమునకు 333. క్రొత్తది 6192 చుక్కలు పఱచును, అంగుళమునకు 344. గంటపు గీఁత చదువుటకు 333 చాలును. మిగిలిన పదునొకండు చుక్కలకొఱకు లక్షకుఁ బైబడిన ధనము వెచ్చించుట యెట్లు?

ఇచ్చట నొక పెద్దమనిషి జ్ఞప్తికి వచ్చుచున్నాఁడు. హైదరాబాదున ఆఱవ నిజాము కొలువులో ఛాయాచిత్రకారుఁడై కీర్తినందిన రాజా దీనదయాళు 1905లో గతించెను. ఆయన కాలమున పలక గాజుది. కెమెరా యొక బరువైన పెట్టె. దానిని మూఁడుకాళ్లపై నిలిపి తీయుటయే పద్ధతి. ఆ కోటలు, ఆ ముఖములు నేఁటికిని కన్నులకుఁ గట్టినట్లున్నవి. కదలనిదానిని కదలకుండఁ దీయుటకు నిలుకడ కావలెను. ఆ నిలుకడ యంత్రమున నున్నను సరియే, మూఁడు కఱ్ఱలలో నున్నను సరియే.

అట్లని పాతదే సర్వోత్తమమని నే ననను. నాలుగవ పరీక్షలో నది యోడినది. మా వీధిలో నొక అవ్వ దంపుళ్లపాటలు, పెండ్లిపాటలు పాడును. ఎనుబదియేండ్లు దాఁటినవి. ఆమెను పాడించి, కదలుచిత్రము తీయఁబూనితిని. పాతదానికి మైకు తగిలించుకొను రంధ్రము లేదు; గాలిహోరు, కోడికూఁత పాటను మ్రింగివైచినవి. పైగా నరగంట గడువక మునుపే చిత్రము తనంత నాఁగిపోవును. క్రొత్తదానికి మైకు తగులును, ఆ గడువు లేదు, చిత్రమును బహుసూక్ష్మముగాఁ బట్టును. బ్యాటరీయు పాతదానికి సుమారు 360 చిత్రములు వచ్చుననియు, క్రొత్తదానికి 570 వచ్చుననియు కంపెనీవారి లెక్క. బరువు మాత్రము పాతది 344 గ్రాములే, క్రొత్తది 493.

"చేతిలోని ఫోను చాలదా?" యని యడుగువారు కలరు. ఎండలో, తక్షణావసరమునకుఁ జాలును. దానిని స్టాండుమీఁద నిలిపి తీసిన నింకను మేలు. ఏమియు లేనిచోట ఫోనుతోనైనఁ దీయుఁడు. కాని ఫోనులోని పలక వ్రేలిగోరంతది. పుటలు వందలకొలఁది యున్నప్పుడు పెద్దపలకయు, మంచి లెన్సును గల కెమెరాయే శ్రేయము.

కావున మా పెద్దలకు నే నిచ్చిన సలహా యిది. తాటాకులకు, దస్తావేజులకు, శాసనములకు పాతరకపు కెమెరా నొకదానిని వాడినదే కొనుఁడు. కొనుటకు ముందు తెల్లని గోడను దీసి, మరకలు పడుచున్నవేమో చూచుకొనుఁడు. బ్యాటరీ యుబ్బియున్న వలదనుఁడు. మిగిలిన ధనముతో గట్టి స్టాండు, రెండు దీపములు, క్రిందఁ బఱచుటకు నల్లగుడ్డ, చిత్రములు దాఁచుటకు రెండు హార్డుడిస్కులు కొనుఁడు. అవ్వల పాటలకు మాత్రము క్రొత్త కెమెరా కావలెను. దానిని కొనవలసిన పని లేదు. పెండ్లిండ్లలోఁ జిత్రములు తీయువా రట్టివి పెట్టుకొనియున్నారు; మూఁడుదినముల కూలి యిచ్చి పిలిపింపుఁడు. తాటాకు వచ్చే వేసవిదాఁక నుండవచ్చును. అవ్వ గొంతునకు ఆ భరోసా లేదు గనుక ముందామెను పాడింపుఁడు.

ఇఁక నా తప్పు మీరు చేయకుండుటకు రెండు మాటలు. తీసిన ప్రతి పుటను ఆ క్షణముననే పెద్దదిగాఁ జేసి, అక్షరము చదివి, పిమ్మటనే మఱొక యాకు త్రిప్పుఁడు. చిత్రములను మూఁడు ప్రతులు చేసి మూఁడు వేర్వేఱు ఇండ్లలో నుంచుఁడు. చెదలు తాటాకునకు మాత్రమే పట్టునని యనుకొనరాదు, యంత్రమును నొకనాఁడు చెడును.

క్రొత్త కెమెరా కొనగల ధనము చేరినప్పుడు చూతమని మీ యింటి కట్టను అటకమీఁదనే యుంచకుఁడు. వాన కాఱుటకు, చెదలు పట్టుటకు కెమెరా ధరతో నిమిత్తము లేదు. తేలుకాటు మందు దినుసులు మా యింట నిఁక నెవ్వరును జదువలేరు. మీ యింటనున్నవైన మిగులుఁగాక!

సెలవు.