లోకం వార్తలు – మన కరకట్ట

(పెనుమూడిలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో, 2025 సంవత్సరపు వార్తల సమీక్షగా చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం ‘2025లో ప్రపంచం – రాజకీయాలు, క్రీడలు’. ఇచ్చిన వ్యవధి ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో భూప్రదక్షిణ చేసి రావాలంటే కుమారస్వామికీ, ఆయన నెమలికీ కూడా సాధ్యం కాదు. అందుచేత నేను వినాయకుడి మార్గం ఎంచుకున్నాను. మన పెనుమూడి కరకట్ట మీద నాలుగడుగులు వేసి, ప్రపంచమంతా తిరిగి వచ్చానని చెబుతాను. మీరు సరేననాలి.

నేను తపాలా శాఖలో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరయినవాణ్ణి. వార్త అంటే ఏమిటో నాకు నేర్పింది మాత్రం ఈ రేవే. పులిగడ్డకు వంతెన లేని రోజుల్లో పడవ కోసం కూర్చున్నవాళ్ళు ఆకాశవాణి విజయవాడ ప్రాంతీయ వార్తలు వినేవారు. మంత్రుల ప్రసంగాలు వస్తున్నంతసేపూ చుట్ట కాలుస్తూ కబుర్లాడేవారు. “ప్రకాశం బ్యారేజీ నుంచి దిగువకు...” అనగానే అందరూ మాట ఆపేసేవారు. ఎన్ని లక్షల క్యూసెక్కులో వినగానే, ఆ నీరు మన గట్టుకు ఎప్పుడు చేరుతుందో, ఎంత ఎత్తున తగులుతుందో, గొడ్లను ఎక్కడికి తోలాలో లెక్క కట్టేవారు. అక్షరం ముక్క రానివాడు కూడా ఆ లెక్క తప్పేవాడు కాడు. 2009 అక్టోబరులో 11 లక్షల 10 వేల క్యూసెక్కులు వదిలారన్నప్పుడు, 2024 సెప్టెంబరులో 11 లక్షల 43 వేలు అన్నప్పుడు ఈ కట్ట మీద రాత్రంతా లాంతర్లతో, టార్చిలైట్లతో కాపలా కాసిన ఊళ్ళు మనవి. పై నుంచి వచ్చే ఏ వార్తనైనా ఇలాగే వినాలన్నది నా అభిప్రాయం. ఎక్కడ వదిలారు, ఎప్పుడు మన దగ్గరికి వస్తుంది, ఎంత వస్తుంది?

ముందు తుపాను సంగతి. 1977 నవంబరు 19 ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. ఎదురుగా కనపడే దివిసీమలో ఉప్పెన వచ్చి పదివేలమందికి పైగా పోయారు. తుపాను వస్తోందన్న మాట ఆకాశంలో ఉంది గాని, ఇల్లిల్లూ చేరలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర ‘మొంథా’ తీరం దాటింది. ఆ పేరు పెట్టింది థాయిలాండు వారట. మూడు నాలుగు రోజుల ముందు నుంచే ఎక్కడ దాటుతుందో, గాలి ఎంత వేగమో చెబుతూ వచ్చారు. తీరం వెంబడి జనాన్ని ముందే తరలించారు. వరి పడిపోయింది, రైతు నష్టపోయాడు, అది వేరే ఏడుపు. కాని మనుషులు దక్కారు. వార్త సమయానికి చేరితే ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం నాకు తెలియదు. అదే అక్టోబరు 28న ఢిల్లీలో మన పింఛన్లకు సంబంధించిన నిర్ణయం ఒకటి జరిగింది. తుపాను హోరులో అది మనకు వినపడలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక అమెరికా. 2025 ఏప్రిల్ 2న ట్రంపు గారు అన్ని దేశాల సరుకుల మీదా సుంకాల పట్టిక చదివారు. మన వంతు 26 శాతం అన్నారు. వారం తిరక్కుండా వాయిదా వేశారు. ఆగస్టు 7 నుంచి 25 శాతం అమలు చేశారు. రష్యా దగ్గర చమురు కొంటున్నామన్న కోపంతో ఆగస్టు 27 నుంచి మరో 25 కలిపి మొత్తం 50 చేశారు. ఆ తర్వాత బేరసారాలు సాగాయి, అంకెలు మారుతూ వచ్చాయి. టీవీలో దీన్ని ఇద్దరు పెద్దమనుషుల మధ్య పంతంలాగా చూపించారు. మన దేశపు రొయ్యలకు అమెరికాయే అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు. రేపల్లె, నిజాంపట్నం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే వనామి ఎక్కడికి పోతోందనుకుంటున్నారు? ముప్పై, నలభై కౌంటు పెద్ద రొయ్యకు అక్కడే గిరాకీ. మా తమ్ముడి కొడుకు రెండెకరాల చెరువు కౌలుకు తీసుకున్నాడు. ఏప్రిల్‌లో అమెరికాలో ప్రకటన వచ్చిన మర్నాటికే ఇక్కడ కొనేవాళ్ళు ధర తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టారు. సుంకం ఇంకా అమలులోకే రాలేదు. మేత ధర తగ్గిందా? లేదు. కౌలు తగ్గిందా? లేదు. ఈక్వెడార్ అనే దేశం పేరు వాడు అప్పటిదాకా వినలేదు. ఇప్పుడు దాని మీద సుంకం ఎంతో వాడికి కంఠతా వచ్చు. 2025లో మనకంటే తక్కువ సుంకంతో అమెరికాకు రొయ్యలమ్మినవాళ్ళు వాళ్ళు గదా!

ఈ గొలుసు ఒక్కసారి చూడండి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్ళింది. అందువల్ల రష్యా చమురు చవకైంది. చవకని మనవాళ్ళు కొన్నారు. కొన్నారని అమెరికా సుంకం వేసింది. సుంకం వేశారని పెనుమూడి చెరువులో రొయ్య ధర పడింది. ఉక్రెయిన్ ఎక్కడుందో తెలియని పిల్లవాడు ఆ యుద్ధానికి జరిమానా కట్టాడు. మన ఇళ్ళల్లో “ఆ దేశాల గొడవలు మనకెందుకండీ, సీరియల్ పెట్టండి” అంటుంటారు. ఎందుకో ఇందుకే.

ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. మే 7న మన సేనలు ఆపరేషన్ సిందూర్ ప్రారంభించాయి. 10న కాల్పులు ఆగాయి. ఆ నాలుగు రోజుల్లో మన రాష్ట్రంలోని శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన అగ్నివీర్ ఒకరు సరిహద్దులో ప్రాణాలిచ్చాడు. అగ్నివీర్ అంటే నాలుగేళ్ళ కొలువు, ఆ పైన పింఛను లేదు. పింఛనుదారులుగా ఈ మాట మనకు గుచ్చుకోవాలి. ఆ రాత్రుల్లో కొన్ని ఛానళ్ళు కరాచీ ఓడరేవు నాశనమైపోయిందని కూడా చెప్పేశాయి. తెల్లవారేసరికి ఓడరేవు అక్కడే ఉంది. పాతకాలంలో రేడియోలో గంటకో ముక్క చెప్పేవారు గాని, చెప్పిన ముక్క ఉండేది.

సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నిక జరిగింది. తెలుగువారైన జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి గారి మీద సి.పి.రాధాకృష్ణన్ గారు గెలిచారు. అదే రోజు నేపాలులో కుర్రకారు ఆగ్రహానికి ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. అక్కడ చిక్కుకున్న మన యాత్రికులను ప్రత్యేక విమానంలో తీసుకువచ్చారు. గాజాలో అక్టోబరులో కాల్పుల విరమణ అన్నారు. రెండేళ్ళ తర్వాత ఆ మాట వినడమే కాస్త ఊరట.

ఆటల దగ్గరికి వస్తే మనసు తేలికవుతుంది. నవంబరు 2న నవీ ముంబయిలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి ప్రపంచ కప్పు తెచ్చారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. సెప్టెంబరు 28న దుబాయిలో పాకిస్తాను మీద ఆసియా కప్పు ఫైనల్లో హైదరాబాదు కుర్రవాడు తిలక్ వర్మ 69 పరుగులతో చివరిదాకా నిలబడ్డాడు. కప్పు ఎవరి చేతి మీదుగా తీసుకోవాలన్న తగవుతో గెలిచిన జట్టు ఆ రాత్రి కప్పు లేకుండానే సంబరం చేసుకుంది. ఆటలోకి రాజకీయం వస్తే ఇంతే.

నన్ను కదిలించింది మాత్రం చదరంగం. జూలైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్పు ఫైనలు ఇద్దరు భారతీయుల మధ్యే జరిగింది. ఒకరు ఎదురుగట్టు కృష్ణా జిల్లాలో, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, వయసు 38. రెండోవారు నాగపూరు అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్, వయసు 19. దివ్య పుట్టకముందే, 2002లో, హంపి గ్రాండ్‌మాస్టరయింది. రెండు ఆటలు డ్రా అయ్యాక ర్యాపిడ్ ఆటల్లో చిన్నమ్మాయి గెలిచింది. మా ఇంట్లో అందరూ ఉసూరుమన్నారు. నాకు అలా అనిపించలేదు. బిడ్డ తల్లయి, కొన్నాళ్ళు ఆటకు దూరమై, తిరిగి వచ్చి 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ విజేత అయిన మనిషి, తన సగం వయసు పిల్లతో చివరి ఆటదాకా పోరాడింది. “వయసైపోయింది, పక్కకు తప్పుకోండి” అని మనతో అనేవారికి ఆ ఆట చూపించాలి.

క్రికెట్టు మాట వచ్చింది కనుక మరొకటి. మార్చి 22న ఐపీఎల్ మొదలైంది. 23న ఉప్పల్‌లో హైదరాబాదు జట్టు 286 పరుగులు కొట్టింది. రెండు రోజులపాటు ఎక్కడ చూసినా అదే మాట. 25న లోక్‌సభలో ఆర్థిక బిల్లు ఆమోదం పొందింది. అందులో కేంద్ర సివిల్ సర్వీసుల పింఛను నిబంధనలను ధ్రువపరిచే భాగం ఒకటి చేర్చారు. పింఛనుదారులను వర్గాలుగా విభజించే అధికారం ప్రభుత్వానికి ఉందనీ, రిటైరయిన తేదీని బట్టి తేడా చూపవచ్చుననీ దాని సారాంశం. 286 మనలో ఎందరికి గుర్తుంది? ఈ భాగం ఎందరు చదివారు?

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే డిసెంబరు 17 దగ్గరికి వెళ్ళాలి. మనం ఏటా పింఛనుదారుల దినోత్సవం చేసుకుని శాలువాలు కప్పుకుంటాం. ఆ తేదీ ఎక్కడిది? 1979లో కేంద్రం పింఛను లెక్క మెరుగు చేసింది. అయితే 1979 మార్చి 31నా, ఆ తర్వాతా రిటైరయిన వారికే అంది. అంతకు ముందు రిటైరయినవారికి పాత లెక్కే. 1972లో రిటైరయిన డి.ఎస్.నకరా గారు, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1982 డిసెంబరు 17న ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్ గారితో కూడిన ఐదుగురి ధర్మాసనం తరఫున జస్టిస్ డి.ఎ.దేశాయి గారు తీర్పు రాశారు. పింఛను దయాభిక్ష కాదు, చేసిన సేవకు హక్కుగా వచ్చేది అన్నారు. ఒక తేదీ గీసి, ఇటువాడికి ఎక్కువ, అటువాడికి తక్కువ అనడం సమానత్వానికి విరుద్ధమన్నారు. ఆ తేదీని కొట్టేశారు. ఇక్కడ కూర్చున్న మనమంతా తింటున్న అన్నంలో ఆ తీర్పు మెతుకులున్నాయి.

2025 చట్టం మళ్ళీ ఆ తేదీ గీతకే దారి తెరిచిందని పింఛనుదారుల సంఘాలు ఆందోళన చెందాయి. ఆర్థిక మంత్రి గారు రాజ్యసభలో, ఇప్పటి పింఛన్లలో మార్పేమీ లేదు, ఉన్న విధానాన్నే ధ్రువపరిచాం అన్నారు. ఆ మాట కూడా మీ ముందుంచుతున్నాను, ఒక పక్షమే చెప్పి పోకూడదు. అయితే తపాలా ఉద్యోగిగా నాకు తెలిసింది ఒకటే. రసీదు మీద ఏముందో అదే చెల్లుతుంది, కౌంటరు దగ్గర చెప్పిన మాట కాదు.

అక్టోబరు 28 నిర్ణయం సంగతి చెబుతానన్నాను. ఆ రోజు కేంద్ర మంత్రివర్గం ఎనిమిదో వేతన సంఘం విధివిధానాలను ఆమోదించింది. జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయి గారు అధ్యక్షురాలు. నివేదికకు 18 నెలల గడువు. నకరా తీర్పు రాసినవారూ దేశాయి గారే. ఇంటిపేరు కలిసింది, ఆలోచన కూడా కలిస్తే మన అదృష్టం. ఆ విధివిధానాల్లో, ఉద్యోగుల వాటా లేని పింఛను పథకాలకయ్యే నిధుల్లేని భారాన్ని దృష్టిలో పెట్టుకోవాలన్న మాట ఉంది. ఆ పథకాలంటే మనమే. మన పేరు ‘భారం’ అన్న పక్కన పడింది.

రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసిన మిత్రులు ఇది కేంద్రం వాళ్ళ గొడవ అనుకోవద్దు. బ్యారేజీ దగ్గర గేటు ఎత్తినా కట్ట తెగేది ఇక్కడే. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన మన రాష్ట్ర ఉద్యోగులకు పాత పింఛను లేకుండా పోయింది. ఆ మార్పు మొదట కేంద్రంలో అదే ఏడాది జనవరి 1న వచ్చిందే.

ఈ మాటలు మన ఒక్క దేశానివే కావు. ఫ్రాన్సులో 2023లో రిటైర్మెంటు వయసు 62 నుంచి 64కు పెంచే చట్టం చేస్తే లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. 2025 చివరికి వాళ్ళ పార్లమెంటే దాన్ని కొంతకాలం నిలుపుదల చేసింది. చైనాలో 2025 జనవరి 1 నుంచి మగవారి వయసు 60 నుంచి 63కు మెల్లమెల్లగా పెంచుతున్నారు. అక్కడ వీధుల్లోకి ఎవరూ రాలేదు. రెండు దేశాల తేడా మీకే తెలుసు.

ఆఖరు వార్త కాస్త భయపెట్టేది. డిసెంబరు 1న సుప్రీంకోర్టు ‘డిజిటల్ అరెస్టు’ మోసాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అంబాలాకు చెందిన వృద్ధ దంపతులకు సుప్రీంకోర్టు పేరుతోనే దొంగ ఉత్తర్వులు చూపించి కోటి రూపాయలకు పైగా లాగారు. మన చట్టంలో ఫోనులో అరెస్టు చేయడమనేది లేనే లేదు. మా రోజుల్లో తంతి వచ్చిందంటే గుండె జారేది, నిజమే. కాని తెచ్చినవాడు ఎవరో తెలుసు, ఆఫీసు ఎక్కడో తెలుసు, వెళ్ళి అడగవచ్చు. 2013 జూలైలో ఆ తంతి కూడా పోయింది. ఇప్పుడు ఎవడో పోలీసు టోపీ పెట్టుకుని వీడియోలో కనిపిస్తాడు. ఫోను పెట్టేయండి. పిల్లలకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. అవమానమని దాచుకోవద్దు. ఒంటరిగా ఉంటున్న మన సోదరీమణులకు ఈ నంబరు మీరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, గోడకు అంటించి రండి.

ఆర్థిక చట్టంలోని ఆ పింఛను భాగాన్ని నాకు తోచిన తెలుగులో రాసి, కొన్ని ప్రతులు తీయించి తెచ్చాను. గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. పెద్ద అక్షరాలే, అద్దాలు మరచిపోయినవారు కూడా చదవగలరు. వచ్చే నెల సమావేశానికి చదువుకుని రండి, కూర్చుని మాట్లాడుకుందాం. కార్యదర్శి గారు రెండుసార్లు గడియారం చూశారు, టీ చల్లారుతున్నట్టుంది. సెలవు.