మొరిగే కుక్క కరవదంటే నమ్మొద్దు
(విశాఖపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల మీద దాడులు జరిగిన కేసుల కాగితాలు చదవడం నా పని. దాడి జరిగిన రోజు నుంచి వెనక్కి చదువుతాను. ముందు వారం ఏం జరిగింది? అతను ఎవరితో ఏమన్నాడు? ఆమె ఎవరికి చెప్పుకుంది? ప్రమాదాన్ని ముందే అంచనా వేసే ఈ పని అమెరికాలో ఒక వృత్తి. మన బస్తీల్లో మీరు పేరూ జీతమూ లేకుండా చేస్తున్నదీ ఇదే.

2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మూడు రోజులకే నిందితులు ముగ్గురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. చాలామంది సంబరాలు చేసుకున్నారు. ఆ నెలాఖరుకి అమ్మాయిల్లో ఒకరు కన్నుమూశారు. 2020 అక్టోబర్‌లో మన గాజువాకలో పదిహేడేళ్ల అమ్మాయిని పొడిచి చంపారు. ప్రతిసారీ పత్రికలు 'ప్రేమోన్మాది' అని రాస్తాయి. ఉన్మాదమంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చేది. నేను చదివిన కాగితాల్లో మాత్రం ఒక వరుస కనిపిస్తుంది. వెంటపడటం, ఆపకుండా ఫోన్లు, 'నాకు దక్కనిది ఎవరికీ దక్కదు' అని స్నేహితుల దగ్గర అనడం, చివరికి ఆమె వచ్చే దారిలో కాపు కాయడం.

ఫిర్యాదు చేయబోతే 'ఊరికే అంటాడమ్మా, మొరిగే కుక్క కరవదు' అంటారు. ప్రముఖుల మీద దాడి చేసిన, చేయబోయిన 83 మంది గురించి అమెరికా సీక్రెట్ సర్వీస్ పరిశోధన 1999లో వెలువడింది. వారిలో ముందుగా నేరుగా బెదిరించినవాళ్ళు చాలా తక్కువ. కానీ తెలిసిన మగవాడు స్త్రీని బెదిరిస్తే లెక్క వేరు. నర్సుగా పనిచేసి పరిశోధకురాలైన జాక్వెలిన్ కాంప్‌బెల్, ఆమె సహచరులు 11 అమెరికా నగరాల్లో భార్యల, ప్రియురాళ్ళ హత్యలను పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. చంపుతానని బెదిరించడం, గొంతు నులమడం, ఆమె అతన్ని వదిలి వెళ్ళడం హత్యలకు ముందు ఎక్కువగా కనిపించాయి.

కాంప్‌బెల్ 1980లలోనే హింసకు గురైన స్త్రీలతో మాట్లాడి ఒక ప్రశ్నావళి తయారుచేసింది. ముందు ఆమె చేతికి క్యాలెండర్ ఇచ్చి, దెబ్బలు తిన్న రోజులు గుర్తుపెట్టమంటారు. గుర్తులు దగ్గరపడుతుంటే ప్రమాదం పెరుగుతోందని ఆమెకే అర్థమవుతుంది. దీనికి డాక్టరేట్ అక్కర్లేదు. గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలు.

మన ఊళ్ళో ఇంకో ప్రశ్న కలపాలి: ఆమె షిఫ్టు ఎప్పుడు? అచ్యుతాపురం ఫ్యాక్టరీ బస్సు దిగే అమ్మాయి ఏ వేళకి ఏ సందులో నడుస్తుందో వాడికి తెలుసు. వాడు వెతకనక్కర్లేదు. అందుకని 'ఉద్యోగం మానెయ్' అనడం పరిష్కారం కాదు. షిఫ్టు మార్చమని యాజమాన్యాన్ని అడగాలి, బస్టాపు దగ్గర మనం నిలబడాలి.

వెంటపడటాన్ని 2013లో నేరం చేశారు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి నేరానికి బెయిల్ హక్కుగా వస్తుంది. వాడు బయటికొచ్చిన సంగతి ఆమెకు ఆ రోజే ఎవరు చెప్తారు? ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది? స్టేషన్ నుంచి కదిలే ముందే ఈ రెండూ తేల్చుకోవాలి.

అమ్మాయిని ఇంట్లో దాచిపెట్టడం రక్షణ కాదు. కట్టడి చేయాల్సింది వాణ్ణి. ఎన్‌కౌంటర్ కోసం చూసే సమాజం చావు తర్వాతే మేలుకుంటుంది. మనం బెదిరింపు విన్న రోజే మేలుకుందాం.