లాగుడు పడవ - లోతు లేని నీరు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, కరువు భత్యం సంగతులు పెద్దలు చెప్పారు. నేను మన కృష్ణమ్మ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. 2008లో ప్రకటించిన నాలుగవ జాతీయ జలమార్గంలో, మన మిర్యాలగూడ వైపు వజీరాబాద్ నుండి విజయవాడ దాకా 157 కిలోమీటర్ల కృష్ణ కూడా ఉంది. అది మన పాలకీడు మండలం అంచునే సాగే దారి. రేపు సరుకు పడవలు తిరిగితే వాటి మీద పని చేసేది మన పిల్లలే.

నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరిన కొత్తలో ఒకసారి, ఇంజను పడవ లాగుతున్న ధాన్యం పడవలో ప్రయాణం చేశాను. ఎండాకాలం, గెడ వేస్తే అడుగు తగులుతోంది. కాసేపటికి మా పడవ కుడికీ ఎడమకూ పాములా కొట్టుకోసాగింది. "తాడు గట్టిదే, భయం లేదు" అన్నాను. ముసలి సరంగు నవ్వి, "తాడు గట్టిగున్నదనే నా భయం సారూ. తెగదు, పడవను బోర్లేస్తది" అన్నాడు. ఇంజను నెమ్మది చేయించి, ముందున్న బస్తాలు కొన్ని వెనక్కి మార్పించాడు. పడవ బుద్ధిగా వెంట నడిచింది.

కారణం తరువాత చదివి తెలుసుకున్నాను. రెండు చక్రాల ట్రాక్టర్ ట్రాలీకి వెనుక బరువెక్కువైతే ఊగుతుంది. లాగుడు పడవకు దీనికి విరుద్ధం. ముందు బరువెక్కువైతేనే దారి తప్పుతుంది. పైగా లోతు తక్కువైన చోట పడవ కింది నీరు ఇరుకున పడి వేగంగా పారుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, పడవ ఇంకా కిందికి దిగుతుంది. వేగం సగం చేస్తే ఆ దిగుడు సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. గట్టుకు దగ్గరగా పోతే పడవ వెనుక భాగాన్ని గట్టు తన వైపు లాక్కుంటుంది. అడుగున చేరిన నీరు తోడకపోతే, అది ఒక పక్కకు పరుగెత్తి ఒరుగును పెంచుతుంది.

అదుపు తప్పిన పడవ ఎంత పని చేస్తుందో 2024 సెప్టెంబరు 1న చూశాం. వరదకు కొట్టుకొచ్చిన బరువైన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. వాటిని తీయడానికి రోజుల తరబడి పట్టింది.

ఆనాడు సరంగు నా మాట విని ఉంటే, నేడు మీ ముందు నిలబడేవాణ్ణి కాదు. బరువు వెనక్కి, వేగం తక్కువ, అడుగున నీరు లేకుండా - ఈ మూడు మాటలు మీ మనుమలకు చెప్పండి.